రోజుకు పది పదాలు రాయించినా జవాబుల్లో ఎందుకు కనిపించవు?

ప్రశ్న సారాంశం: రాజాం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు మామూలు ఇంగ్లిష్ పర్వాలేదు. సైన్స్, సోషల్ పుస్తకాల్లో 'ఎనలైజ్', 'ఫ్యాక్టర్', 'సిగ్నిఫికెంట్', 'కాన్సిక్వెన్స్' లాంటివి తగిలేసరికి ఆగిపోతున్నారు. రోజుకు పది పదాలు తెలుగు అర్థాలతో రాయిస్తున్నాను. శనివారం టెస్టులో మార్కులు వస్తున్నాయి, జవాబు రాయమంటే మాత్రం ఒక్క మాటా వాడరు. ఏం మార్చాలి? ఏదైనా యాప్ ఉంటే చెప్పండి.

మాస్టారూ,

ముందు ఆ పదిని ఆరుకు దించండి. అదీ వారానికి ఆరు. ఒక్కో పదం మీద చేయాల్సిన పని చాలా ఉంది, మీ చేతిలో ఉన్నది నలభై అయిదు నిమిషాల పీరియడ్. పరీక్షలు, పండగలు, తుపాను సెలవులు పోగా ఏడాదిలో ఇరవై నాలుగు వారాలు దక్కినా 144 పదాలవుతాయి. ఆ సంఖ్య ఎందుకు చాలో కింద తెలుస్తుంది.

శనివారం మార్కులను నమ్మకండి. ఆ టెస్టులో పిల్లవాడు చేసేది ఇంగ్లిష్ మాట చూసి తెలుగు అర్థం రాయడం. జవాబు రాసేటప్పుడు జరిగేది దీనికి తలకిందులు. చెప్పాల్సిన విషయం మనసులో ఉంటుంది. దానికి తగ్గ ఇంగ్లిష్ మాట తట్టాలి, దాని పక్కన ఏ మాట నిలుస్తుందో తెలియాలి, వాక్యంలో ఎక్కడ పెట్టాలో తెలియాలి. అర్థాల జాబితా ఈ మూడింటిలో ఒక్కటీ నేర్పదు.

ఏ ఆరు పదాలు అన్నది సగం పని. పుస్తకంలో కనిపించే మాటలు మూడు రకాలు. 'రివర్', 'లీఫ్' లాంటి రోజువారీ మాటలు ఒక రకం. 'ఫోటోసింథసిస్', 'ట్రిబ్యుటరీ' లాంటి సబ్జెక్టు మాటలు రెండో రకం. వీటిని పాఠమే వివరిస్తుంది, బొమ్మ వేస్తుంది, సైన్స్ మాస్టారు బోర్డు మీద రాస్తారు. మూడో రకం అన్ని సబ్జెక్టుల్లోనూ తిరుగుతుంటుంది: 'వేరీ', 'కన్సిస్ట్', 'ఇండికేట్', 'అజ్యూమ్', 'సోర్స్'. వీటిని ఎవరూ వివరించరు. ఇంగ్లిష్ మాస్టారు చెప్పేసి ఉంటారని సైన్స్ వాళ్లు అనుకుంటారు, అవి సైన్స్ పుస్తకంలోవి కదా అని ఇంగ్లిష్ వాళ్లు అనుకుంటారు. మీ ఆరూ ఈ మూడో రకం నుంచే రావాలి.

దీనికి తయారుగా ఒక జాబితా ఉంది. న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్. దాదాపు 35 లక్షల పదాల యూనివర్సిటీ పాఠ్యాలను వడగట్టి 570 పద కుటుంబాలను (ఒక మాట, దాని నుంచి పుట్టినవీ కలిపి ఒక కుటుంబం) తీశారు. ఎక్కువ వాడుకలో ఉన్నవి ముందు వచ్చేలా పది భాగాలు చేశారు. మొదటి తొమ్మిదింటిలో 60 చొప్పున, చివరి దానిలో 30. ఆ పాఠ్యాల్లో వచ్చే మాటల్లో ఇంచుమించు పదో వంతు ఈ 570 కుటుంబాలవే. మొదటి రెండు భాగాలూ కలిపి 120 కుటుంబాలు. మీ ఇరవై నాలుగు వారాల్లో అవి పూర్తయి ఇంకా చోటు మిగులుతుంది.

ఒక జాగ్రత్త. ఈ జాబితా మొదలయ్యేదే మైకేల్ వెస్ట్ 1953 నాటి రెండు వేల సాధారణ పదాల జాబితాను పక్కన పెట్టి. (వెస్ట్ అవిభక్త భారతంలోని ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపిన మనిషి, మన దేశపు తరగతి గది ఆయనకు తెలియనిది కాదు.) అంటే 'కాజ్', 'ఎఫెక్ట్', 'ఇంక్రీజ్', 'కంపేర్' లాంటివి పిల్లలకు వచ్చేసినట్టు లెక్క. అవే రాకపోతే 'కాన్సిక్వెన్స్' జోలికి వెళ్లకండి. ఒక పేరా ఇచ్చి తెలియని మాటలకు గీత గీయమనండి. వందకు అయిదారు మించి గీతలు పడితే ఆ పిల్లవాడికి ముందు ఆ రెండు వేల మాటలు కావాలి.

వచ్చే వారం జరగబోయే సైన్స్, సోషల్ పాఠాలు ముందే తెచ్చుకుని పెన్సిల్‌తో గీయండి. రెండు సబ్జెక్టుల్లోనూ వస్తోందా? పిల్లవాడు జవాబులో వాడాల్సి వస్తుందా? ఈ రెండింటికీ అవునన్న మాటే తీసుకోండి. అక్షర క్రమంలో మాత్రం చెప్పకండి. ఒకేలా ఉండే జంటల్ని ఒకే రోజు చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు. 'ఇంపోర్ట్–ఎక్స్‌పోర్ట్', 'ఎఫెక్ట్–అఫెక్ట్', 'రిజల్ట్ ఇన్–రిజల్ట్ ఫ్రమ్' కలిపి చెబితే ఏది ఏదో తెలియక జీవితాంతం తికమకపడతారు. ఒకటి గట్టిపడ్డాక, రెండు వారాల తేడాతో రెండోది చెప్పాలి.

ఇక ఒక పదాన్ని ఎలా చెప్పాలో 'వేరీ' తీసుకుని చూద్దాం. మొత్తం ఆరేడు నిమిషాలు.

మాటతో మొదలుపెట్టకండి, వాక్యంతో మొదలుపెట్టండి. బోర్డు మీద: 'ద ప్రైస్ ఆఫ్ క్యాష్యూస్ వేరీస్ విత్ దెయిర్ సైజ్.' పలాస జీడిపప్పు గ్రేడులు మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో వినబడేవే: డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320. ఆ అంకె ఒక పౌనుకు ఇంచుమించు ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది, కాబట్టి అంకె చిన్నదైతే పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఇది తెలిసిన పిల్లవాడికి వాక్యం అర్థం సగం వచ్చేసినట్టే. అర్థమేమిటో వాళ్లనే ఊహించమనండి, అర నిమిషం చాలు. తర్వాత తెలుగులో చెప్పేయండి: 'ఒక్కోచోట ఒక్కోలా ఉండటం, మారుతూ ఉండటం.' ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్‌లోనే వివరించాలన్న పట్టుదలతో అయిదు నిమిషాలు చేతులు తిప్పడం కంటే ఈ ఒక్క తెలుగు ముక్క మేలు. అయితే అది మాట్లాడే తెలుగై ఉండాలి. 'ఎనలైజ్' అంటే 'విశ్లేషించు' అని రాయిస్తే పిల్లవాడికి తెలియని మాట ఒకటి కాస్తా రెండవుతుంది. 'విడదీసి చూసి, ఏది ఎందుకో చెప్పడం' అనండి. బడిలో వాడుక తెలుగు ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన పుట్టిన ప్రాంతంలోనే ఈ పని గ్రాంథికంలో చేయడం ఏం బాగుంటుంది!

తర్వాత పలికించండి. మనవాళ్లు ఇంగ్లిష్ మాటలో అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలుకుతారు, అందుకే వినేటప్పుడు గుర్తుపట్టలేరు. ఊపు ఎక్కడ పడుతుందో దాని మీద చిన్న గీత పెట్టించండి. 'ఎనలైజ్'లో మొదటి అక్షరం మీద, 'ఎనాలసిస్'లో రెండో దాని మీద, 'ఎనలిటికల్'లో మూడో దాని మీద. '-షన్'తో ముగిసే మాటల్లో దానికి సరిగ్గా ముందున్న అక్షరం మీద ఊపు పడుతుంది: 'వేరియేషన్', 'డిస్ట్రిబ్యూషన్'. '-ఇక్'తో ముగిసేవీ అంతే: 'ఎకనామిక్', 'స్పెసిఫిక్'. ఈ రెండు సూత్రాలతోనే చాలా మాటలు సర్దుకుంటాయి.

ఆ తర్వాత తోడు మాటలు. చాలా క్లాసుల్లో వదిలేసేది ఇదే. 'వేరీస్ విత్', 'వేరీస్ ఫ్రమ్ … టు …' ఈ రెండూ బోర్డు మీద పెట్టెలో రాయండి. 'సిగ్నిఫికెంట్' చెబితే దానితో 'చేంజ్', 'డిఫరెన్స్', 'రోల్' రాయాలి. 'కాంట్రిబ్యూట్' ఎప్పుడూ 'టు'తోనే ఉండాలి. తోడు లేకుండా మాట నేర్పితే పిల్లలు తెలుగు నుంచి తోడు తెచ్చుకుంటారు. 'దాని గురించి చర్చించాం' నుంచి 'డిస్కస్డ్ అబౌట్' వస్తుంది. 'కలిగి ఉంది' నుంచి 'ఈజ్ కన్సిస్టింగ్ ఆఫ్' వస్తుంది. ఇంకొన్ని తప్పులు ప్రతి బడిలోనూ ఉంటాయి: 'ఈజ్ వేరీస్', 'కంప్రైజెస్ ఆఫ్', 'ఎవిడెన్సెస్', 'రీసెర్చెస్', 'ఇన్ఫర్మేషన్స్'. చివరి మూడింటికి బహువచనం లేదని మొదటిసారి చెప్పేటప్పుడే చెప్పేయాలి. దిద్దుబాటులో చెబితే ఎక్కదు.

చివరగా జతల్లో మాట్లాడించండి. '… వేరీస్ విత్ …' అన్న అచ్చులో రెండు నిమిషాల్లో ఒక్కొక్కరు మూడు వాక్యాలు. నాగావళిలో నీటిమట్టం, బస్సు చార్జీ, గాలిలో తేమ, ఏదైనా సరే. నోట్సు ఈ మాటలన్నీ అయ్యాకే. ఒక్కో పదానికి అర పేజీ వదలమనండి. పైన మాట, ఊపు గీత; కింద మాట్లాడే తెలుగులో అర్థం, రెండు తోడు మాటలు, సొంత వాక్యం, కుటుంబం ('వేరియేషన్', 'వేరియబుల్', 'వేరియస్'). మిగిలిన నాలుగు గీతలూ ఖాళీ. ఆ మాట ఏ పుస్తకంలో ఏ పేజీలో మళ్లీ కనిపిస్తే అక్కడ రాసుకోవడానికి. ఆ నాలుగు గీతలు నిండిన మాటే వచ్చినట్టు. పది పన్నెండు సార్లు రకరకాల చోట్ల ఎదురైతే గానీ మాట సొంతం కాదు. ఇంపొజిషన్ కింద పదిసార్లు రాయిస్తే వచ్చేది స్పెల్లింగ్ ఒక్కటే.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. కొన్ని మాటలు పిల్లలకు ఇప్పటికే 'వచ్చు', అదే ఇబ్బంది. 'ఫంక్షన్' అంటే పెళ్లో పుట్టినరోజో. 'రేట్' అంటే ధర. 'రిజల్ట్స్' అంటే పరీక్షా ఫలితాలు. 'కరెంట్' అంటే లైటు వెలిగించేది. 'పీరియడ్' అంటే మీ క్లాసు, 'మేజర్' అంటే పద్దెనిమిది నిండినవాడు. బయాలజీలో 'ఫంక్షన్ ఆఫ్ ద కిడ్నీ', సోషల్‌లో 'రేట్ ఆఫ్ గ్రోత్' రాగానే వాక్యం అర్థం కాదు. తెలియని మాట కాదు కాబట్టి అడగరు కూడా. 'మనం వాడే అర్థం – పుస్తకంలో అర్థం' అని రెండు గడుల పట్టిక నోట్సు చివరి పేజీలో ఏడాదంతా నింపించండి.

పదాలను మించి పిల్లల్ని తోసేసేది ఇంకొకటుంది. పుస్తకాల ఇంగ్లిష్‌లో క్రియలన్నీ నామవాచకాలైపోతాయి. 'ద రిమూవల్ ఆఫ్ ట్రీస్ రిజల్ట్స్ ఇన్ సాయిల్ ఎరోజన్' అన్న వాక్యంలో పదాలన్నిటికీ అర్థం చెప్పినా పిల్లవాడికి బొమ్మ కట్టదు. ఎవరు ఏం చేశారో కనిపించదు. దీన్ని విప్పడం నేర్పాలి: 'చెట్లు నరికేశారు. నేల కొట్టుకుపోయింది.' మనకు ఇందులో ఒక వీలుంది. తెలుగులో '-డం' చేసేది అచ్చంగా ఈ పనే: నరకడం, కొట్టుకుపోవడం, తగ్గడం. '-డం' చేర్చమంటే ఏ పిల్లవాడైనా చేరుస్తాడు. అక్కడి నుంచి ఇంగ్లిష్‌కు తీసుకెళ్లండి.

అభ్యాసం ఇలా: నాలుగు చిన్న వాక్యాలు ఇవ్వండి. వంశధారకు వరద వచ్చింది. గట్టు తెగింది. పొలాలు మునిగాయి. పంట పోయింది. మొదట తెలుగులోనే '-డం'తో ఒకే వాక్యంగా కలపమనండి: 'గట్టు తెగడం వల్ల పొలాలు మునగడం, పంట పోవడం జరిగింది.' తర్వాత ఇంగ్లిష్‌లో: 'ద ఫ్లడింగ్ ఆఫ్ ద ఫీల్డ్స్ రిజల్టెడ్ ఇన్ క్రాప్ లాస్.' మర్నాడు తిరగేయండి: పుస్తకంలోంచి ఒక బరువైన వాక్యం ఇచ్చి నాలుగు చిన్న వాక్యాలుగా విప్పమనండి. విప్పడం ముందు వస్తుంది, కట్టడం నెలా రెండు నెలల తర్వాత. తోకల పట్టిక ఒకటి పక్కన ఉండాలి: 'రిమూవ్–రిమూవల్', 'గ్రో–గ్రోత్', 'రిక్వైర్–రిక్వైర్‌మెంట్', 'అక్కర్–అక్కరెన్స్', 'డిస్ట్రిబ్యూట్–డిస్ట్రిబ్యూషన్'. దీనికి సూత్రం లేదు, ఏ మాటకు ఏ తోకో కంఠస్థం చేయాల్సిందే.

మీ పుస్తకాలు ఎదురెదురు పేజీల్లో ఇంగ్లిష్, తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలే కదా. పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లిష్ పేజీ మూసేస్తారు. దాన్నే పనికి పెట్టండి. తెలుగు పేజీలో 'అందువల్ల', 'దీనికి కారణం', 'ఉదాహరణకు' దగ్గర వేలు పెట్టి, ఎదురు పేజీలో దానికి సరిపోయే ముక్క వెతికి గుండ్రం చుట్టమనండి. అయిదు నిమిషాల ఆట. 'దేర్‌ఫోర్', 'ఈజ్ డ్యూ టు', 'సచ్ యాజ్' వాటంతట అవే పట్టుబడతాయి.

రాత విషయానికొస్తే, మన పిల్లల జవాబుల్లో ఎక్కువ కొట్టొచ్చినట్టు కనిపించే లోపం, ఏదైనా ఖాయంగా చెప్పేయడం. శాస్త్రం రాసే ఇంగ్లిష్‌లో ఎంత రుజువుంటే అంతే చెబుతారు. దీనికి ఉద్దానం కిడ్నీ జబ్బును మించిన పాఠం దొరకదు. కవిటి, సోంపేట ప్రాంతాల్లో ఎందరికో వచ్చింది. నీళ్లు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గడం, పురుగు మందులు, నొప్పి మాత్రలు, ఇలా చాలా వాటిని అనుమానించారు. కారణం ఇదీ అని తేలలేదు. పిల్లవాడు 'వాటర్ ఈజ్ ద కాజ్' అని రాస్తాడు. బోర్డు మీద మెట్లు గీయండి. అన్నిటికన్నా పైన 'కాజెస్'. దాని కింద 'కాంట్రిబ్యూట్స్ టు'. ఇంకా కింద 'మే కాంట్రిబ్యూట్ టు'. అడుగున 'ఈజ్ అసోసియేటెడ్ విత్', అంటే రెండూ కలిసి కనిపిస్తున్నాయి, అంతకుమించి చెప్పలేం అని. ఒక్కో వాక్యం ఏ మెట్టు మీద ఉండాలో, ఎందుకో పిల్లలు వాదించుకోవాలి. 'వాటర్ మే కాంట్రిబ్యూట్ టు ద డిసీజ్' అన్న వాక్యం దగ్గరికి వాళ్లే వస్తారు. డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఇంట్లో ఉన్న పిల్లలు క్లాసులో ఉంటే ఈ పాఠం వద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తీసుకోండి. జీడి, కొబ్బరి తోటలు ఎంత పోయాయో 'ఎస్టిమేట్', దాని 'కాన్సిక్వెన్స్' ఏమిటో రాయించవచ్చు. ఒక ప్రక్రియను వరసగా రాయించాలంటే పొందూరు ఖద్దరు బాగుంటుంది: వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి మగ్గం దాకా. 'ఈజ్ క్లీన్డ్', 'ఈజ్ స్పన్', 'ఈజ్ వోవెన్' అన్నీ వరసగా పడతాయి.

పరీక్షలో అడిగే క్రియలకు రెండు పీరియడ్లు విడిగా పెట్టండి. 'డిఫైన్' అంటే ఒక్క వాక్యం. 'డిస్టింగ్విష్' అంటే రెండు గడులు, ఒకే అంశం మీద రెండు వైపులా తేడా. 'జస్టిఫై' అంటే కారణం లేకుండా మార్కు లేదు. పిల్లలు ఈ మూడింటికీ ఒకే పేరా రాసి మార్కులు పోగొట్టుకుంటున్నారు.

టెస్టు మార్చకపోతే ఇవేవీ నిలబడవు. శనివారం పది మార్కుల్లో ఈ వారం పదాలు మూడే, రెండు వారాల కిందటివి నాలుగు, నెల కిందటివి మూడు. అర్థం రాయమని ఒక్క ప్రశ్నా వద్దు. తోడు మాట నింపమనండి ('కన్సిస్ట్స్ __'). తెలుగు వాక్యం ఇచ్చి ఇంగ్లిష్ మాట అడగండి. తప్పు వాక్యం ఇచ్చి దిద్దమనండి. వాక్యం సగం ఇచ్చి పూర్తిచేయమనండి: 'ద రిజల్ట్స్ వేర్ సిగ్నిఫికెంట్ బికాజ్ …'. మొదటి నెల మార్కులు పడిపోతాయి, హెడ్మాస్టరుగారికి ముందే చెప్పి ఉంచండి.

ఆరు పదాల చీటీ ఒకటి స్టాఫ్‌రూమ్‌లో అంటించి, సైన్స్, సోషల్ మాస్టార్లను ఆ వారం క్లాసులో రెండేసి సార్లు ఆ మాటలు వాడమని అడగండి. అంతకుమించి అడిగితే చేయరు. క్లాసు గోడ మీది చార్టుల వల్ల మాత్రం పెద్దగా ప్రయోజనం లేదు, మూడో రోజు నుంచి ఎవరూ చూడరు.

సీతంపేట వైపు సవర పిల్లలున్న బడుల వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట: పై పద్ధతిలో తెలుగు అర్థం మెట్టు మీకు సగమే పనిచేస్తుంది, ఆ పిల్లలకు తెలుగే రెండో భాష. అక్కడ బొమ్మ, వస్తువు ముందు పెట్టి, కాస్త ముందున్న పిల్లవాడితో సవరలో చెప్పించి, ఆ తర్వాతే తెలుగు. వారానికి ఆరు కాదు, నాలుగు.

యాప్ అడిగారు. ఆండ్రాయిడ్‌లో యాన్‌కి ఉచితం, మర్చిపోయే వేళకు కార్డు మళ్లీ చూపిస్తుంది. కానీ ఫోన్ నాన్నదై, సాయంత్రం ఏడు దాటితే గానీ చేతికి రాదు. పాత శుభలేఖలు తెప్పించి ముక్కలు కోయించండి. వెనక తెల్లవైపు సగంలో తెలుగు వాక్యం, మిగతా సగంలో ఇంగ్లిష్, మధ్యకు మడత. మూడు కవర్లు: ఒకటి రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. తెలుగు వైపు చూసి ఇంగ్లిష్ చెప్పగలిగితే కార్డు తర్వాతి కవరులోకి, చెప్పలేకపోతే ఏ కవరులో ఉన్నా మొదటి దానిలోకి. ప్రార్థనకు ముందు అయిదు నిమిషాలు పక్కవాడితో చేయించండి. ఒంటరిగా చేయిస్తే కార్డు తిప్పి చూసి 'వచ్చింది' అనేసుకుంటారు.